పిట్ట పేజీ

"ఎన్ని పేజీలు వెయ్యమంటావురా?" అని అడిగాను. "నీ ఇష్టం అక్కా" అన్నాడు మా తమ్ముడు. ఆ ఒక్క మాటే నా కొంప ముంచింది.

నా పని పుస్తకాలు కుట్టడం. రాసేవాళ్ళు వేరు, అచ్చు వేసేవాళ్ళు వేరు, చదివేవాళ్ళు ఎవరో నాకు తెలీనే తెలీదు. నేను కాగితాలు మడిచి, మడతల్ని దారంతో కుట్టి, వెన్నుకి గుడ్డ అంటించి, అట్ట వేసి ఇస్తాను. ఆఫీసు రిజిస్టర్లు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు, వెన్ను విరిగిన నిఘంటువులు. వచ్చినవాళ్ళంతా లెక్క చెప్పే వస్తారు. ఇన్ని పేజీలు, ఈ రంగు అట్ట, ఫలానా రోజుకి కావాలి. ఆ ఫలానా రోజుకి నేనివ్వను, అది వేరే సంగతి. నీ ఇష్టం అన్నవాడు మాత్రం ఇన్నేళ్ళలో వీడొక్కడే.

వీడు బస్సు డ్రైవరు. డ్రైవరుగా ఉండేవాడు అనాలి, నా నోటికి ఇంకా అలవాటు కాలేదు. డిపోలోకి బస్సు తీసుకెళ్తూ ఎడమవైపు గోడకి గీరాడు. ఒకసారి గీరితే గోడ తప్పు అనుకోవచ్చు. మళ్ళీ గీరాడు. ఆ తర్వాత అద్దమే ఊడి కింద పడింది. "అంత గోడ కనపడలేదా నీకు?" అని మేనేజరు కేకలేస్తే, "ఎక్కడుంది గోడ?" అని అడిగాట్ట మావాడు, నిజంగానే. కళ్ళ ఆసుపత్రికి పంపించారు. అక్కడ గిన్నెలాంటి మిషన్లో తల పెట్టించి, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. వీడు బటన్ పట్టుకుని ఊరికే కూచున్నాడు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాట్ట. అప్పటికే చుక్కలన్నీ వెలిగి ఆరిపోయాయి.

చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుపోతోందని చెప్పారు. చుట్టూ చీకటి పడుతూ వస్తుందిట. మధ్యలో గొట్టంలోంచి చూసినట్టు కొంచెం మిగులుతుందిట. ఆ గొట్టం కూడా సన్నబడుతుందిట. పోయింది తిరిగి రాదు, పోయేది ఎప్పుడు పోతుందో చెప్పలేం, చుక్కల మందు మాత్రం మానకండి. ఇదీ వాళ్ళు చెప్పింది. స్టీరింగు తీసేసుకుని, డిపో ఆఫీసులో కుర్చీ ఇచ్చారు.

ఆ కుర్చీలో కూచోవడం మొదలుపెట్టిన కొత్తల్లో ఓ సాయంత్రం నా షాపుకొచ్చి కాగితాల కట్ట మీద కూలబడ్డాడు. "గీతల్లేని తెల్ల పుస్తకం ఒకటి కుట్టివ్వక్కా. బొమ్మలు గీస్తా" అన్నాడు.

"ఎవరూ, నువ్వా?"

"నేనే."

"చిన్నప్పుడు ఏనుగుని గీయరా అంటే తొండం ఎటు పెట్టాలో తేలక రెండు వైపులా పెట్టావు. మర్చిపోయావా?"

"అందుకే ఇప్పుడు నేర్చుకుంటా. రోజుకో పేజీ, రోజుకో వస్తువు. ఎదురుగా పెట్టుకుని, చూసి గీస్తా. చింపకూడదు, చెరపకూడదు, మధ్యలో పేజీ దాటెయ్యకూడదు. పుస్తకం నిండాలి. అదీ పందెం."

"పందెం ఎవరితోరా?"

"నాతోనే. ఇన్నేళ్ళూ రోడ్డు తప్ప దేన్నీ సరిగ్గా చూళ్ళేదక్కా. ఇంట్లో కుళాయి ఎలా ఉంటుందో చెప్పమను, చెప్పలేను. ఉన్నప్పుడే చూసి పెట్టుకుంటా." అని, "చివరి పేజీ మాత్రం పిట్టకి. అప్పటికి చెయ్యి తిరుగుతుంది. ఇప్పుడు గీస్తే దానికి మీసాలొస్తాయి" అన్నాడు.

పిట్ట అంటే వాడి కూతురు. బడి రిజిస్టర్లో వేరే పేరుందిలెండి, కానీ ఆ నోరు ఒక్క క్షణం ఊరుకోదు, అందుకని అందరం పిట్ట అనే అంటాం. నిలబడటం కూడా పిట్టలాగే. రెండు పాదాలూ నేల మీద ఆనించదు. ఎడమ పాదం మీద కుడి పాదం వేసుకుని నిలబడి, ఊగుతూ, ప్రపంచంలో ఉన్న ప్రశ్నలన్నీ అడుగుతుంది. నాకు పిల్లల్లేరు. ఉన్నా దాన్ని చూసినట్టు చూసేదాన్ని కాదేమో.

తమ్ముడు వెళ్ళాక కాగితం కట్ట విప్పాను. చెయ్యి ఆడలేదు. తెల్ల పుస్తకం కుట్టడం నాకు మంచినీళ్ళు తాగినంత పని. కానీ ఎన్ని మడతలు వెయ్యాలి? సన్నగా కుట్టి ఇస్తే, నీకు మిగిలింది ఇంతేరా అని నా నోటితో నేను చెప్పినట్టే. డాక్టర్లకే తెలీని లెక్క నా సూదికి తెలుసా? పోనీ లావుగా కుడితే, నిండకపోతే? వెనక సగం తెల్లగా మిగిలిన పుస్తకం ఆ ఇంట్లో పడుంటే రోజూ దాన్ని చూడాల్సింది నేనూ, మా మరదలూ, పిట్టా. వాడు కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అనే మాట ఎన్నిసార్లు వాడానో, ఆ రోజు దాకా నేనెప్పుడూ ఆ రెంటి మధ్యా నిలబడలేదు.

చివరికి నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. ఆ గిన్నె మిషను మీద అనుకోండి. కోపం వస్తే నా చెయ్యి బాగా నడుస్తుంది. ఒక మడత వేశాను, ఇంకోటి వేశాను, ఇంకోటి. ఇది నిండాలంటే ఏళ్ళు పట్టాలి వెధవ పుస్తకం, నిండేదాకా వీడి కళ్ళకి ఏమీ కాకూడదు అని పళ్ళు కొరుక్కుంటూ మడిచాను. కుట్టాక చూసుకుంటే నా జానెడు చేతిలో ఇమడటం లేదు.

"ఇదేంటక్కా, ఇటుకా?" అన్నాడు చేతిలో పెట్టగానే.

"ఇటుకైతే నీ నెత్తిన వేసేదాన్ని. పట్టుకుపో."

వాడు బొటనవేలితో పేజీలు జరజరా వదిలాడు. మొదటి నుంచి చివరిదాకా పోవడానికి చాలాసేపు పట్టింది. "ఇన్ని వేశావా!" అని నా మొహంలోకి చూసి నవ్వాడు. స్టీరింగు పోయాక వాడట్లా నవ్వడం అదే మొదలు. నాకేదో ఘనకార్యం చేసినట్టనిపించింది. అక్కడికక్కడే పెన్సిల్ అడిగి తీసుకుని, చిట్టచివరి పేజీ మూలన చిన్న అక్షరాలతో 'పిట్ట' అని రాసుకున్నాడు.

మొదటి పేజీలో కుళాయి గీశాడు. ఆదివారం నాకు చూపించడానికి తండ్రీ కూతుళ్ళిద్దరూ షాపుకొచ్చారు.

"అత్తా, చూడు, నాన్న బాతు గీశాడు" అంది పిట్ట.

"బాతు కాదే, కుళాయి."

"మరి ముక్కెందుకుంది?"

"నీళ్ళు రావొద్దూ?" అన్నాడు వాడు. ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం.

చెప్పు గీశాడు, పడవలా వచ్చింది. గొడుగు గీశాడు, గబ్బిలం అనుకున్నాం. వీధిలో కుక్కని గీస్తే నాలుగు కాళ్ళ స్టూలుకి తోక మొలిచినట్టుంది. చెరపకూడదు కదా, అన్నీ అలాగే ఉండిపోయాయి. వారం వారం వచ్చేవాడు. నేను ఆ బొమ్మల్ని చీల్చి చెండాడేదాన్ని. వాడు ఇంకా ఇంకా చూపించేవాడు. మా మరదలు మందుల షాపులో పనిచేస్తుంది, పని దిగాక అటే వచ్చి, "వదినా, ఈయన మళ్ళీ మనిషయ్యాడు" అని నా చెవిలో చెప్పి కళ్ళు తుడుచుకునేది.

ఒకసారి వాడు కూచునుండగానే ఒకాయన వచ్చి, తను అడిగిన రంగు అట్ట కాదని గోల పెట్టాడు. నేనూరుకుంటానా? "ఉన్న రంగుల్లో అదే నయమండీ, గుడ్డిలో మెల్ల" అనేశాను. అన్నాక నా నాలుక నేనే కొరుక్కున్నాను. మావాడు పుస్తకంలోంచి తలెత్తకుండా, "ఇంతకీ మెల్ల ఏ కన్నక్కా?" అన్నాడు. ఆ పెద్దమనిషికి ఏమీ అర్థంకాలేదు, నాకు మాత్రం నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మెల్లగా బొమ్మలు మారాయి. ఓ ఆదివారం ఇంటి తాళంచెవి బొమ్మ చూపిస్తే పుస్తకం లాక్కుని వెలుగులో పెట్టి చూశాను. అరిగిన పళ్ళూ, రింగు దగ్గర తుప్పు మరకా, కింద పడిన నీడా అన్నీ ఉన్నాయి. పేజీ మీదనుంచి తీసి తలుపు తెరవొచ్చనిపించింది. "ఇది నువ్వే గీశావా?" అన్నాను. తర్వాత పిన్నీసు. తర్వాత చొక్కా గుండీ, దారంతో సహా. వీడికి విద్య అబ్బిందిరా దేవుడా అని మురిసిపోయి, వచ్చిన ప్రతి కస్టమరుకీ చెప్పుకున్నాను. ముందు కుర్చీ, తలుపు, గొడుగు గీసినవాడు ఇప్పుడు అన్నీ ఇంతింత వస్తువులే ఎందుకు గీస్తున్నాడో మాత్రం నాకు తట్టలేదు.

మా మరదలే చెప్పింది. "చిన్న వస్తువైతేనే మొత్తం ఒకేసారి కనపడుతోందిట వదినా. కుర్చీ అయితే కాలు చూస్తే వీపు పోతోందిట."

ఆ తర్వాత నాకూ కనపడటం మొదలైంది. గ్లాసు పక్కన నీళ్ళు పోసుకునేవాడు. సగం తెరిచిన తలుపుకి నుదురు కొట్టుకుని, తలుపుకే సారీ చెప్పేవాడు. పిట్ట బడిసంచీ తన్నుకుని పడ్డాడొకసారి. అప్పట్నుంచి అది పక్కనుంచి వచ్చేటప్పుడల్లా "వస్తున్నా నాన్నా, కుడివైపు" అని కూస్తూ వస్తోంది. వెనక్కి తీసే బస్సుకి కండక్టరు చెప్పినట్టు. ఎవరూ నేర్పలేదు దానికి. చెయ్యి తిరిగే వేళకి కళ్ళు తిరగబడ్డాయి. ఎవరికి చెప్పుకోను?

ఈసారి ఆసుపత్రికి నేను కూడా వెళ్ళాను. వాణ్ణి చుక్కలు వెయ్యడానికి పక్క గదిలోకి తీసుకెళ్ళాక డాక్టరమ్మని పట్టుకున్నాను. చూపు ఇంకో ఏడాది ఉంటుందా అని అడిగాను. ఆవిడ పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి, "వేగం పెరిగిందమ్మా. ఇంత అని చెప్పలేను. ఆయన చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే త్వరగా చూపించండి" అంది. ఆవిడ మెత్తగానే చెప్పింది పాపం. నాకు ఆవిడ పీక పిసకాలనిపించింది.

ఆ సాయంత్రం వాడింటికెళ్ళి పుస్తకం మూసిపెట్టి పక్కనుంచి చూశాను. పుస్తకాలు కుట్టేదాన్ని, నాకు తెరవక్కర్లేదు. గీసిన పేజీల అంచులు పెన్సిల్ మసికి మాసి ఉంటాయి, గీయనివి తెల్లగా ఉంటాయి. మాసింది వేలెడు కూడా లేదు. మిగతాదంతా తెలుపే. ఆ తెలుపుకి అవతల, చిట్టచివర, పిట్ట పేజీ ఉంది. వీడు రోజుకో పేజీ చొప్పున అక్కడికి ఎప్పటికి చేరతాడు? నా కోపంతో నేను మడిచి మడిచి పెట్టిన కాగితమంతా వాడికీ, వాడి కూతురి మొహానికీ మధ్య గోడలా నిలబడి ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు.

"ఒరేయ్, ముందు పిట్టని గీసెయ్. మిగతావి తర్వాత గీసుకోవచ్చు" అన్నాను.

"కుదరదక్కా. మధ్యలో బోలెడు పేజీలున్నాయిగా."

"ఉంటే ఉన్నాయి. దాటెయ్."

"స్టాపులో ఎవరూ లేకపోయినా బస్సు ఆపాలి. అదే రూలు. దాటెయ్యడం మొదలుపెడితే అది బస్సే కాదు."

"నీ బస్సు తగలెయ్య! వేరే కాగితం ఇస్తా, దాని మీద గీయి. నేను ఎవరికీ తెలీకుండా చివర అంటిస్తా. నాకు చేతకాదా?"

"నాకు తెలుస్తుందిగా" అన్నాడు శాంతంగా, ఆవేళ గీస్తున్న అగ్గిపుల్ల మీదనుంచి చూపు తిప్పకుండా.

చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. మరదలితో చెప్పించాను. పిట్ట చేత అడిగించబోయి, ఆగిపోయాను. దానికేమని చెప్పను? నీ మొహం చూసే టైము అయిపోతోందని మీ నాన్నకి గుర్తుచెయ్యవే అని చెప్పనా? వాడు మాత్రం పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నాడు. అగ్గిపుల్ల తర్వాత సూది గీశాడు. నా సూదే, నా దగ్గర్నుంచి అడిగి పట్టుకెళ్ళి.

అప్పుడు నాకొచ్చిన పనితోనే దారి వెతికాను. ఓ ఆదివారం వాడు పుస్తకం తెస్తే చేతిలోకి తీసుకుని, "వెన్ను వదులైందిరా, దారం సాగింది. వదిలేసి వెళ్ళు, బిగించి ఇస్తా" అన్నాను. నా కుట్టు వదులవడమేమిటి? నేను కుట్టిన రిజిస్టర్లు మనుషులు రిటైరైనా విడిపోవు. వాడు కాదనలేదు. ఇచ్చి వెళ్ళిపోయాడు.

షట్టరు సగం దించి, అట్ట ఊడదీసి, దారం తెంపాను. ఒక్కొక్క పేజీ తీసెయ్యడానికి కుదరదు, ఒకటి లాగితే మడతకి అవతలున్న దాని జంట ఊడొస్తుంది. తీస్తే మడతకి మడత తియ్యాలి. గీసినవాటిని అలాగే ఉంచాను. 'పిట్ట' అని రాసిన చివరి మడత ఉంచాను, అందులో పిట్టకి ముందు కొద్ది పేజీలే. మధ్యలో తెల్లటివన్నీ తీసేశాను. అవి పక్కన పేరిస్తే మిగిలిన పుస్తకం కంటే ఎత్తుగా ఉన్నాయి. మిగిలినవి మళ్ళీ కుట్టాను. తేడా తెలీకుండా ఉండాలని రెండు వైపులా అట్టలు బాగా లావైనవి వేశాను, పొర మీద పొర అంటించి. అయ్యాక చేత్తో పట్టుకు చూస్తే మునుపటి మందానికి దగ్గరగానే ఉంది. నా పనితనానికి నేనే భుజం తట్టుకున్నాను, సిగ్గు లేకపోతే సరి. తీసేసిన మడతల్ని కట్టగట్టి బల్ల కింద పెట్టాను.

మర్నాడు వాడొచ్చి పుస్తకం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అలా పట్టుకునే కాసేపు నిలబడ్డాడు. "బాగా కుట్టావక్కా" అని సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అమ్మయ్య అనుకున్నాను.

ఆ తర్వాత ఆదివారాలు రావడం తగ్గించాడు. అడిగితే పని అన్నాడు. గీస్తున్నావా అంటే గీస్తున్నా అన్నాడు. మరదలు ఫోను చేసి, "ఒక్కో బొమ్మ మీద గంటలు గంటలు కూచుంటున్నారు వదినా. నిన్న కొవ్వొత్తి వత్తి గీశారు. మైనం కూడా కాదు, ఉత్త వత్తి" అంది.

ఓ రోజు బడి వదిలే వేళకి పిట్ట వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. షాపు మెట్టు దగ్గర "ఒక మెట్టు నాన్నా" అని చెప్పింది. వాడు స్టూలు మీద కూచుని పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు. "పిట్టా, అత్త కత్తిరించిన రంగు కాగితాల ముక్కలు లోపల బుట్టలో ఉంటాయి. ఏరుకోపో" అన్నాడు. అది ఎగురుకుంటూ లోపలికి పోయింది.

"ఎన్ని మడతలు తీశావక్కా?" అన్నాడు.

"ఏం మడతలు? ఎవరు తీశారు?" అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినపడింది.

"బస్సు ఖాళీగా ఉందో, నిండుగా ఉందో వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. బ్రేకు మీద కాలు పెడితే తెలిసిపోతుంది. నువ్విచ్చిన రోజే తెలిసింది. అట్టలు బలిశాయి, పుస్తకం చిక్కింది."

నేను అరిచాను. నాకు చేతనైంది అదేగా. "అవును, తీశాను! ఏం చెయ్యమంటావు? చెప్తే విన్నావా? అగ్గిపుల్లలూ పిన్నీసులూ గీసుకుంటూ కూచుంటే పిట్ట మిగిలిపోదూ? నీ కోసం కాదూ చేసింది?"

"నా కోసమే. తెలుసు." పుస్తకం మీద చెయ్యి రాస్తూ అన్నాడు. "మొదట ఇచ్చినప్పుడు ఇటుకంత ఉంది చూడు, అప్పుడు ఎంత ధైర్యమొచ్చిందో తెలుసా? మా అక్క ఇన్ని పేజీలు వేసిందంటే ఇంకా చాలా కాలం ఉందన్నమాటే అనుకున్నా. నీకేదో తెలిసినట్టు. పిచ్చి కాకపోతే నీకేం తెలుస్తుంది? అయినా అనుకున్నా. రోజూ పొద్దున్నే ఆ తెల్ల పేజీలు వేలితో తడిమి చూసుకునేవాణ్ణి. అవి అన్ని ఉన్నంతవరకూ నాకేం కాదు, పిట్ట దగ్గరికి వెళ్ళడానికి తొందరేం లేదు అనుకునేవాణ్ణి. డాక్టరు నా మొహం మీద చెప్పలేదు. ఇంట్లో మా ఆవిడ చెప్పలేదు. నువ్వు చెప్పావు."

పళ్ళు కొరుక్కుంటూ మడతలు వేసిన రోజు గుర్తొచ్చింది. వాటిని తీసేసిన రోజు కూడా గుర్తొచ్చింది. బల్ల కిందికి వంగి ఆ కట్ట బయటికి లాగాను. "ఇవిగోరా, అన్నీ ఉన్నాయి. ఒక్క కాగితం పోలేదు. ఇప్పుడే కుట్టేస్తా, ఇప్పుడే, ఇలా ఇవ్వు" అన్నాను. నా కళ్ళనిండా నీళ్ళు, ఎదురుగా ఏమీ ఆనడం లేదు.

"వద్దక్కా. ఎత్తేసిన స్టాపుల్లో ఇంకెవరెక్కుతారు? అన్నీ అయిపోయాయి. మిగిలింది పిట్ట ఒక్కతే" అని లోపలికి కేకేశాడు. "అమ్మా, పిట్టా! ఇలా రా. ఇవాళ నీ వంతు."

అది రంగు కాగితాలు గాల్లోకి విసిరేసి పరిగెత్తుకొచ్చింది. ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తోంది మరి. కాగితాల కట్ట మీద కూచుని, జడలు ముందుకేసుకుని, మూతి బిగించి, "ఊఁ, గీయి" అంది.

వాడు చివరి పేజీ తెరిచాడు. పెన్సిల్ పట్టుకుని దాని మొహంలోకి చూశాడు. తల కొంచెం అటు తిప్పాడు, కొంచెం ఇటు తిప్పాడు. పైకి, కిందకి. గోడ మీద పాకే చీమని వెతికినట్టు దాని మొహం మీద వెతుకుతున్నాడు. పెన్సిల్ కాగితానికి ఆనడం లేదు.

"ఏమైందిరా?" అన్నాను.

"కన్ను చూస్తే ముక్కు పోతోంది. ముక్కు చూస్తే నోరు లేదు." మెల్లగా, నాకొక్కదానికే వినపడేట్టు అన్నాడు. "అన్నీ కలిపి దొరకట్లేదక్కా."

నేను చూస్తూ నిలబడ్డాను. ఏం చెయ్యను? వాడి చెయ్యి నా చేత్తో పట్టుకుని గీయిస్తానా? నా కళ్ళు పీకి ఇస్తానా?

వాడే అన్నాడు, "కొంచెం వెనక్కి వెళ్ళమ్మా" అని. పిట్ట లేచి షాపు గడప దాకా వెళ్ళింది. "ఇంకొంచెం." మెట్టు దిగింది. "ఇంకా." రోడ్డు అంచుకెళ్ళింది. "అవతలికి వెళ్ళగలవా? చూసి దాటు."

నేను గబగబా వెళ్ళి దాన్ని రోడ్డు దాటించి వచ్చాను. అవతల మూసేసిన దుకాణం గోడకి ఆనుకుని, భుజాన బడిసంచీతోనే నిలబడింది. ఎప్పటిలాగే ఎడమ పాదం మీద కుడి పాదం. "కనపడుతున్నానా నాన్నా?" అని అక్కణ్ణుంచి కూసింది.

"ఆఁ! కనపడుతున్నావు! మొత్తం కనపడుతున్నావు!" అన్నాడు వాడు. అంత దూరం వెళ్తే మనిషి మనిషంతా ఆ గొట్టంలో పట్టింది. దగ్గరుంటే ముక్కలు ముక్కలుగా పోయే పిల్ల, అంత దూరంలో పూర్తిగా దొరికింది. కళ్ళెలా ఉన్నాయో, ముక్కెలా ఉందో అంత దూరాన్నుంచి నాకే తెలీడం లేదు, ఇక వాడికెక్కడ తెలుస్తుంది? అయినా గీశాడు. తలెత్తి చూస్తూ, కాగితం మీదికి వంగుతూ, తలెత్తుతూ, చాలాసేపు గీశాడు. చెయ్యి ఎక్కడా తడబడలేదు.

నేను వంగి చూశాను. పేజీ అంతా తెలుపు. మధ్యలో గోరంత పిట్ట. రెండు జడలు, జారిపోతున్న సంచీ, పాదం మీద పాదం. మొహం మాత్రం ఉత్త చుక్క. ఎవరికి చూపించినా పిట్టే అంటారు. కుళాయిని బాతులా గీసిన చెయ్యేనా ఇది అనిపించింది.

పెన్సిల్ ఎప్పుడు కింద పెట్టాడో నేను చూడలేదు. పుస్తకం ఒళ్ళో ఉంది, చేతులు ఖాళీగా ఉన్నాయి, వాడు ఇంకా అటే చూస్తున్నాడు.

"నాన్నా, అయిపోయిందా? వచ్చెయ్యనా?" అని అరిచింది పిట్ట.

"ఇంకా లేదమ్మా. అక్కడే ఉండు. ఇంకొంచెం సేపు."

అప్పుడే ఒకాయన రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చి, సరిగ్గా మెట్టు మీద, తండ్రికీ కూతురికీ మధ్య నిలబడి, "ఏమ్మా, నా పుస్తకం అయిందా?" అన్నాడు.

"అడ్డం లేవయ్యా!" అని అరిచాను. వీధి చివరిదాకా వినపడేట్టు అరిచాను. "ముందు అడ్డం లే! వాడు చూసుకుంటున్నాడు!"

ఆయన బిత్తరపోయి పక్కకి తప్పుకున్నాడు. అవతల గోడ దగ్గర పిట్ట పాదం మార్చుకుని, చెయ్యి ఊపింది.